ముప్ఫై నెలల స్కీమా థెరపీ: ‘ఏమీ వద్దు’ అనే అలవాటు ఎంతవరకు పోయింది

మా ఇంట్లో నన్ను ఏదడిగినా వచ్చే జవాబు ఒక్కటే: ‘ఏమీ వద్దు’. టీ పెట్టనా అంటే వద్దు. జ్వరంగా ఉంది, సెలవు పెట్టకూడదా అంటే పర్వాలేదు. అలాగని నాకు కష్టం కలగదని కాదు. మా ఆవిడ ఫోన్ ఎత్తకపోయినా, నేను మాట్లాడుతుండగా ఎవరైనా మధ్యలో లేచి వెళ్లినా నాలుగైదు రోజులు నోరు తెరిచేవాణ్ని కాదు. అరుపులుండవు, గొడవుండదు. మనిషి ఇంట్లో ఉన్నా లేనట్టే. పద్దెనిమిదేళ్లు భరించాక ఒకరోజు ఆవిడ, ‘మీరు తిట్టినా బాగుండేది. ఈ మౌనంతో నేను వేగలేకపోతున్నాను’ అంది. 2023 జూన్‌లో స్కీమా థెరపీ అనే మానసిక చికిత్స మొదలుపెట్టడానికి కారణం ఆ మాటే. ఇప్పటికి ముప్ఫై నెలలు, 78 సెషన్లు అయ్యాయి. ఇలాంటి దాని గురించి తెలుగులో అనుభవం చెప్పినవాళ్లు నాకు అప్పట్లో దొరకలేదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

అంతకుముందు రెండు ప్రయత్నాలు చేశాను. మొదట ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే, రెండో రోజే ‘మీ అమ్మానాన్నల్ని క్షమించేయండి, అన్నీ తేలికవుతాయి’ అన్నారు. ఎవర్ని, దేనికి క్షమించాలో నాకే తెలియదు. మళ్లీ వెళ్లలేదు. తర్వాత పది సెషన్లు సీబీటీ, అంటే ఆలోచనల్ని, అలవాట్లను సరిదిద్దే థెరపీ, చేయించుకున్నాను. అది ఉపయోగపడింది, కాదనను. ఆడిట్ రోజుల్లో ఆఫీసు టెన్షన్ బాగా తగ్గింది. ఇంటి విషయంలో మాత్రం ‘ఆవిడ ఫోన్ ఎత్తలేదంటే పనిలో ఉంది, అంతే’ అని కాగితం మీద రాసుకునేవాణ్ని, అది నిజమని బుర్రకు తెలిసేది, గుండెలో బరువు మాత్రం అలాగే ఉండేది.

స్కీమా థెరపీ పుట్టిందే అలాంటివాళ్ల కోసమని తర్వాత తెలిసింది. అమెరికన్ సైకాలజిస్టు జెఫ్రీ యంగ్, సీబీటీకి ఆద్యుడైన ఆరన్ బెక్ దగ్గర ఫిలడెల్ఫియాలో పనిచేశాడు. ఆలోచనల్ని సరిదిద్దినా కొందరిలో మార్పు రాకపోవడం చూసి, చిన్నప్పుడు తీరని అవసరాల వైపు దృష్టి పెట్టాడు. భద్రత, ఆప్యాయత, స్వేచ్ఛ, మనసులో మాట చెప్పుకునే చనువు, ఆటపాటలు, తగిన హద్దులు అనేవి పిల్లలకు అన్నం, నీళ్లలాంటివి. అవి సరిగ్గా అందకపోతే తన గురించి, మనుషుల గురించి మనసులో ఒక అచ్చు పడిపోతుంది. అదే స్కీమా. యంగ్ అలాంటివి 18 గుర్తించాడు. అచ్చు పడ్డాక మనం చేసేది మూడు రకాలుగా ఉంటుంది. దానికి లొంగిపోతాం, దాన్నుంచి తప్పించుకు తిరుగుతాం, లేదా దానికి పూర్తిగా ఎదురు ప్రవర్తిస్తాం. నాది రెండోది.

మొదటి నెలలో 90 వాక్యాల ప్రశ్నావళి ఇచ్చారు. ఒక్కో వాక్యానికి ఒకటి నుంచి ఆరు దాకా మార్కు వేయాలి, ఒక్కో స్కీమాకు ఐదు వాక్యాలు. ఎమోషనల్ డెప్రివేషన్ అనే దాంట్లో నాకు 30కి 29 వచ్చాయి. నన్ను పట్టించుకునేవాళ్లు, అర్థం చేసుకునేవాళ్లు, ఆసరా ఇచ్చేవాళ్లు ఎవరూ ఉండరన్న నమ్మకం అది. భావాలు బయటపెట్టకపోవడానికి సంబంధించిన ఎమోషనల్ ఇన్‌హిబిషన్ దాని వెనకే ఉంది.

ఆ 29 చూసి నాకు కోపం వచ్చింది. నాకేం తక్కువైందని? మా నాన్నది రైల్వే ఉద్యోగం. కిరండూల్ లైన్‌లో ఉన్న ఒడిశా జైపూర్‌కు బదిలీ అయితే, అక్కడ తెలుగు మీడియం బడి లేదని నన్ను ఏడో ఏట విజయనగరంలో మా మేనత్త ఇంట్లో ఉంచారు. పదో తరగతి దాకా అక్కడే. చెల్లి చిన్నది కాబట్టి అమ్మానాన్నలతో ఉంది. అత్త చాలా మంచిది. తన పిల్లలతో సమానంగా పెట్టింది, ఒక్కనాడూ చేయెత్తలేదు. చదువు కోసం పిల్లల్ని చుట్టాల ఇంట్లో ఉంచడం మన వైపు మామూలు విషయం. ఇందులో గాయం ఎక్కడుంది?

థెరపిస్టు మేడమ్ దానికి వాదించలేదు. ‘అత్త ఇంట్లో మీకు జ్వరమొస్తే ఎవరిని లేపేవారు?’ అని మాత్రం అడిగారు. ఎవరినీ లేపేవాణ్ని కాదు. గోడవైపు తిరిగి పడుకునేవాణ్ని. అత్తను లేపితే విసుక్కునేదని కాదు. ఆ ఇంట్లో నేను అదనపు మనిషిని, అదనపు మనిషి ఏదీ అడగకూడదు అని నాకు నేనే తీర్మానించుకున్నాను. జరిగినదానివల్ల పడే దెబ్బలు గుర్తుంటాయి, జరగనిదానివల్ల పడినవి గుర్తుండవు. దోషి అంటూ ఎవరూ లేకపోయినా లోటు నిజమే కావచ్చని ఒప్పుకోవడానికే నాకు నాలుగు నెలలు పట్టింది. ఇలాంటి బాల్యం ఉన్నవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడేనని నా నమ్మకం.

ఈ థెరపీలో నాకు అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది ఇమేజరీ రీస్క్రిప్టింగ్. కళ్లు మూసుకుని, ఇప్పుడు బాధపెడుతున్న సంగతిని తలుచుకుని, అదే బరువు చిన్నప్పుడు ఎప్పుడు అనిపించిందో అక్కడికి వెళ్లాలి. నాకు ప్రతిసారీ వచ్చేది ఒకటే దృశ్యం. దసరా వెళ్లాక పైడితల్లమ్మ సిరిమాను పండుగకు అమ్మానాన్నలు వచ్చేవారు. మర్నాడు తెల్లవారుజామునే బయల్దేరేవారు, కొత్తవలసలో కిరండూల్ పాసింజరు అందుకోవాలని. చెల్లి నాన్న భుజం మీద నిద్రపోతూ ఉండేది. నేను గుమ్మం దగ్గర నిలబడి చూసేవాణ్ని. ఎవరో ఒకరు ‘మగపిల్లాడివి, ఏడవకూడదు’ అనేవారు. నేను ఏడవలేదు కూడా.

మొదటి మూడుసార్లు ఈ పని ఇంగ్లీషు కలిపి చేశాం. ‘ఎలా అనిపిస్తోంది?’ అంటే ‘కొంచెం శాడ్‌గా ఉంది’ అనేవాణ్ని, ఏమీ కదిలేది కాదు. నాలుగోసారి మేడమ్, ‘ఆ పిల్లాడు ఇంగ్లీషు మాట్లాడడు కదా, వాడి మాటల్లో చెప్పండి’ అన్నారు. ‘దిగులుగా ఉంది’ అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఇరవై నిమిషాలు ఏడ్చాను. నలభై రెండేళ్ల వయసులో, లాప్‌టాప్ ముందు. మీ చిన్ననాటి భాషలో మాట్లాడగలిగిన థెరపిస్టునే వెతుక్కోండని అందరికీ చెప్తాను. ఎంత ఇంగ్లీషు వచ్చినా దిగులు ఇంగ్లీషులో రాదు.

తర్వాతి సెషన్లలో మేడమ్ ఆ దృశ్యంలోకి వచ్చి పిల్లాడితో మాట్లాడారు. ‘వాళ్లు వెళ్లిపోతుంటే దిగులుగా ఉండదా నాన్నా? ఏడవొచ్చు. నీ వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు’ అని. కొన్నాళ్లకు ఆ పని నేనే చేయాల్సివచ్చింది. పెద్దవాణ్నయిన నేను ఆ గుమ్మం దగ్గరికి వెళ్లి, పిల్లాడి పక్కన కూర్చుని, ‘నీకేం కావాలి?’ అని అడగాలి. ‘ఏమీ వద్దు’ అన్నాడు. ఎన్ని వారాలు అడిగినా అదే మాట. చివరికి ఒకరోజు, ‘నన్ను కూడా తీసుకెళ్లమను’ అన్నాడు. అప్పుడు పక్కగదిలో కూతురు చదువుకుంటోంది. సెషన్ అయిపోయాక వెళ్లి దాని పక్కన ఊరికే కూర్చున్నాను.

ఇందులో మాయమంత్రం లేదు. జరిగిన చరిత్ర మారదు, నాన్న జైపూర్ వెళ్లకుండా ఉండడు. మారేది, ఆ జ్ఞాపకంతో పాటు వచ్చే ‘నేను అదనపు మనిషిని’ అన్న అర్థం.

రెండోది కుర్చీల పని. నా మౌనాన్ని ఈ పద్ధతిలో డిటాచ్డ్ ప్రొటెక్టర్ అంటారు. అంటే బాధ తగలకుండా మనిషిని మూసేసే కాపలాదారు. ఒక కుర్చీలో ఆ కాపలాదారుగా కూర్చుని మాట్లాడాలి, ఇంకో కుర్చీలో హెల్దీ అడల్ట్‌గా, అంటే మనలోని నిబ్బరమైన పెద్దమనిషిగా, జవాబివ్వాలి. అన్నాళ్లూ నా మౌనం నా చెడ్డగుణమని సిగ్గుపడ్డాను. ఆ కుర్చీలోంచి నేనన్న మొదటి మాట, ‘నేను లేకపోతే వీడు ఆ ఇంట్లో ఎలా బతికేవాడు?’ అని. అది విన్నాక దాన్ని తిట్టుకోవడం మానేశాను. అయితే ఈ పని ఆన్‌లైన్‌లో అంత బాగా కుదరదు. నేను విశాఖలో ఉంటాను, మేడమ్ హైదరాబాద్‌లో. మూడుసార్లు నేరుగా వెళ్లి చేసినప్పుడే దాని బలం తెలిసింది.

ఫ్లాష్‌కార్డ్ అని ఒకటి రాయించారు. ఇప్పటికీ ఫోన్‌లో ఉంది. నాది ఇది: ‘ఆవిడ ఫోన్ ఎత్తలేదు, నన్ను ఎవరూ పట్టించుకోరని అనిపిస్తోంది. ఇది విజయనగరం నాటి దిగులు. నిజానికి ఆవిడ పొద్దున్నే నా మాత్రలు గుర్తుచేసింది, సాయంత్రం నాకోసం చూస్తుంది. మౌనంలోకి వెళ్లాలని ఉంది, కానీ ఇంటికెళ్లి ఒక్క వాక్యం చెప్తాను: ఫోన్ ఎత్తకపోతే దిగులేసింది అని.’ ఎవరికి వారు రాసుకోవాలనుకుంటే వరస ఇదే. ఇప్పటి బాధ, అది ఏ పాతదానిదో, ఎదుట ఉన్న రుజువు, ఇప్పుడు చేయాల్సిన పని. స్కీమా డైరీ కూడా ఇచ్చారు, అది నాకు అచ్చిరాలేదు. రెండు నెలలు రాసి ఆపేశాను.

లిమిటెడ్ రీపేరెంటింగ్ గురించి చెప్పాలి. చిన్నప్పుడు దొరకని ఆసరాను థెరపిస్టు వృత్తి హద్దుల్లో ఉంటూ కొంతవరకు ఇస్తారు. నాకు కష్టమైన వారంలో మేడమ్ ఒక నిమిషం వాయిస్ మెసేజ్ రికార్డు చేసి ఇచ్చారు, ఆఫీసు పార్కింగ్‌లో కూర్చుని వినేవాణ్ని. ఆ తర్వాత ఆవిడ మూడు వారాలు సెలవు పెట్టారు. తిరిగి వచ్చాక నేను ‘అంతా బాగానే ఉంది, చెప్పడానికేం లేదు’ అన్నాను. ‘నేను వెళ్లిపోయినందుకు కష్టమనిపించి ఉండొచ్చు, అది సహజమే. కానీ మీరు ఇప్పుడు నాతో చేస్తున్నదే ఇంట్లో మీ ఆవిడతోనూ చేస్తున్నారు’ అన్నారు. ఎవరూ నాతో అంత సూటిగా, అంత మెత్తగా మాట్లాడలేదు. నా థెరపీలో మలుపు అదే.

కష్టాలు దాచను. నాలుగో నెల నుంచి ఏడో నెల దాకా ముందుకన్నా అధ్వాన్నంగా ఉన్నాను. అమ్మ మీద విపరీతమైన కోపం వచ్చింది, ఫోన్ చేస్తే పొడిపొడిగా మాట్లాడేవాణ్ని. డెబ్బై దాటిన మనిషి, ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. ఆ కోపం సెషన్‌లో ఖర్చు కావాలి, అమ్మ మీద కాదు. అది నేర్చుకునేలోపే ఆవిడను నొప్పించాను, అందుకు ఈరోజుకీ బాధపడుతున్నాను. మొదటి పది నెలలు సైకియాట్రిస్టు ఇచ్చిన డిప్రెషన్ మాత్రలు కూడా వాడాను, ఆయన చెప్పినట్టే మెల్లగా తగ్గించి ఆపాను. తాగుడు అలవాటు ముదిరినవాళ్లు, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు ఉన్నవాళ్లు ముందు డాక్టరును కలవాలి. అత్యవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఖర్చు సెషన్‌కు 1,800 రూపాయలు. మొదటి పదిహేను నెలలు దాదాపు వారం వారం, తర్వాత తొమ్మిది నెలలు రెండు వారాలకొకసారి, ఇప్పుడు నెలకొకటి. మొత్తం 1,40,400 అయ్యింది. మధ్యతరగతికి ఇది చిన్న మొత్తం కాదు. ఇంత కాలం అవసరమా అంటే, 2006లో నెదర్లాండ్స్‌లో బోర్డర్‌లైన్ పర్సనాలిటీ (భావాలు, సంబంధాలు తీవ్రంగా ఊగిసలాడే సమస్య) ఉన్నవాళ్లకు వారానికి రెండుసార్లు చొప్పున మూడేళ్లు ఇచ్చి చూశారు, పోల్చిన ఇంకో థెరపీ కన్నా ఇదే మెరుగ్గా పనిచేసింది. 2014లో అక్కడే వేరే పర్సనాలిటీ సమస్యలున్న 323 మందితో జరిగిన అధ్యయనంలో యాభై సెషన్ల పద్ధతి కూడా మంచి ఫలితమిచ్చింది. నాది అంత తీవ్రమైన సమస్య కాకపోయినా యాభై చాలలేదు. మొదటి ఇరవై నమ్మకం కుదరడానికే పోయాయి. మీరు వెతుక్కునేటప్పుడు క్లినికల్ సైకాలజిస్టు అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా, స్కీమా థెరపీలో ప్రత్యేక శిక్షణ పొందారా అని మొహమాటపడకుండా అడగండి.

ఒక విషయంలో నాకు ఈ పద్ధతితో పేచీ ఉంది. ఇతరుల కోసం తన అవసరాలు పక్కనపెట్టడాన్ని సెల్ఫ్ శాక్రిఫైస్ స్కీమా అంటారు. మా అత్త జీవితమంతా అదే. ఆవిడ సర్దుకుపోకపోతే నేను చదువుకునేవాణ్నే కాదు. దాన్ని జబ్బులా చూడటం నాకు మింగుడుపడలేదు. ఇష్టంతో ఇస్తే అది స్కీమా కాదు, అడగడానికి భయపడి ఇస్తేనే అని మేడమ్ అంటారు. అత్తది ఏదో నాకు తెలియదు. ఆవిడ పోయి పదకొండేళ్లయింది, ఎవరూ ఆవిడను అడగనూ లేదు.

ఇప్పుడెలా ఉన్నానంటే, రెండేళ్ల తర్వాత అదే ప్రశ్నావళి నింపితే 29 కాస్తా 16 అయ్యింది. మౌనం ఇంకా వస్తుంది, కానీ సాయంత్రం మొదలైతే పడుకునేలోపు పోతుంది. మొన్న ఆగస్టులో వైరల్ జ్వరం వచ్చినప్పుడు అర్ధరాత్రి మా ఆవిడను లేపి వేణ్నీళ్లు కావాలన్నాను. ఆవిడ కంగారుపడి, ‘అంత ఎక్కువగా ఉందా?’ అంది. అమ్మతో మాత్రం జైపూర్ సంగతి ఇప్పటిదాకా ఎత్తలేదు.

మా అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. ఇంటర్‌కు రెసిడెన్షియల్ కాలేజీలో వేయాల్సిందేనని చుట్టాలంతా అంటున్నారు, దాని స్నేహితులంతా హాస్టల్‌కే వెళ్తున్నారు. నాకు వద్దని ఉంది. అది కూతురి మంచి కోసం వద్దంటున్నానా, గుమ్మం దగ్గరి పిల్లాడు వద్దంటున్నాడా అనేది తేలడం లేదు. వచ్చే నెల సెషన్‌కు ఇదే రాసిపెట్టుకున్నాను. ఈలోగా ‘నీకేం కావాలి?’ అని అమ్మాయినే అడిగాను. రెండు రోజులు ఆలోచించుకుని చెప్తానంది.