మెస్సియరా, కాల్డ్‌వెల్లా? మన ఆకాశానికి ఏ లిస్టు మేలు?

కొత్తగా టెలిస్కోప్ కొన్నవాళ్లు చందమామనూ శని వలయాలనూ చూడటం అయ్యాక అడిగేది ఒకటే: "ఇప్పుడు ఏ లిస్టు పెట్టుకుని చూడాలి?" చాలామంది మెస్సియర్ లిస్టే చెబుతారు. నక్షత్ర గుంపులు, నెబ్యులాలు (వాయుమేఘాలు), గెలాక్సీలు కలిపి అందులో ఉన్నవి 110. మంచి చీకటి ఉంటే చిన్న టెలిస్కోప్‌కు కూడా అందుతాయి, 10×50 బైనాక్యులర్‌తోనే చాలా దొరుకుతాయి. మొదలుపెట్టడానికి నేనూ అదే చెబుతాను. కానీ అది ప్యారిస్‌లో తయారైన లిస్టు. మనకు తేడా వచ్చేది అక్కడే.

ప్యారిస్ దాదాపు 49 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది, హైదరాబాద్ 17 దాటి కొంచెం పైన. తోకచుక్కలు వెతికే చార్లెస్ మెస్సియర్, వాటిలా మసకగా కనిపించి మోసం చేసేవాటిని రాసిపెట్టుకున్నాడు. ఆయన ఊళ్లో ఉదయించనివి ఆ లిస్టులోకి రాలేదు. అలా రానివాటిలో ఒమేగా సెంటారీ ఒకటి. ఆకాశంలోకెల్లా ప్రకాశవంతమైన గ్లోబ్యులర్ క్లస్టర్ (బంతిలా గుమిగూడిన నక్షత్రాల గుంపు) అదే! ఉత్తర దేశాలవాళ్లు మురిసిపోయే ఎం13 (మెస్సియర్ లిస్టులో 13వది, అదీ ఇలాంటి గుంపే) దీని పక్కన చిన్నబోతుంది.

మే నెల మధ్యలో రాత్రి పది గంటలకు దక్షిణం వైపు తిరిగి నిలబడండి. చిత్త నక్షత్రం బాగా ఎత్తులో ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి పడితే సుమారు 10 డిగ్రీలు. చిత్త నుంచి నిటారుగా కిందికి మూడున్నర పిడికిళ్లు దిగితే అక్కడ గుండ్రటి మసక మచ్చ కనిపిస్తుంది. బైనాక్యులర్‌లో అది దూదిపింజలా ఉంటుంది. ఆరంగుళాల టెలిస్కోప్‌లో అంచులు చుక్కలు చుక్కలుగా విడిపోతాయి. దానికోసం వెళ్లేటప్పుడు ఊరికి దక్షిణం వైపునే చోటు చూసుకోండి, ఊరి వెలుగు వెనకే ఉండిపోతుంది.

మెస్సియర్ వదిలేసినవాటితో 1995లో బ్రిటిష్ ఖగోళ రచయిత పాట్రిక్ మూర్ ఇచ్చిన 109 వస్తువుల లిస్టు కాల్డ్‌వెల్. ఒమేగా సెంటారీ అందులో సి80. నంబర్లు ఉత్తరం నుంచి దక్షిణానికి వరసగా పోతాయి కాబట్టి, 100 దాటినవి మనకు దిగంతాన్ని అంటుకుని ఉంటాయి, లేదా అసలు ఉదయించవు. మిగిలినవాటిలోనూ చిన్న టెలిస్కోప్‌కు కష్టమైనవి చాలా ఉన్నాయి. అందుకే పూర్తి కాల్డ్‌వెల్‌ను కొత్తవాళ్లకు చెప్పను. మెస్సియర్‌కు ఒమేగా సెంటారీతో పాటు సి77 (సెంటారస్ ఎ), సి92 (ఎటా కెరీనా నెబ్యులా), సి65 (స్కల్ప్టర్ గెలాక్సీ), సి14 (పెర్సియస్ జంట క్లస్టర్) కలుపుకోండి. నా ఓటు ఈ కలగలుపు లిస్టుకే.

స్టెల్లేరియం లాంటి యాప్ ఈ రాత్రి ఏది ఎప్పుడు ఎక్కడుందో చూసుకోవడానికి బాగుంటుంది. మీ డాబాకు దక్షిణాన ఉన్న అపార్ట్‌మెంటు సంగతి దానికి తెలియదు. విలియం హెర్షెల్ చూసినవాటిలోంచి ఏరిన 400 వస్తువుల లిస్టు, హెర్షెల్ 400, జోలికి పెద్ద టెలిస్కోప్ వచ్చాక వెళ్లొచ్చు.

లిస్టు ఏదైనా నంబర్ల వరసలో చూడకండి. ముందు పడమట అస్తమించబోయేవి, తర్వాత నడినెత్తివి, చివరికి తూర్పువి. ఇంకో ఇబ్బంది మన వానాకాలం. వృశ్చికం, ధనుస్సు రాశుల్లోని ఎం6, ఎం7, ఎం8, ఎం22 సాయంత్రం ఎత్తుకొచ్చేది జులై, ఆగస్టుల్లో. అప్పుడు మబ్బులే. వాటికోసం ఏప్రిల్ చివర్లో తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టుకోండి.