గాలి ఆడాలంటే కిటికీయా, ఎగ్జాస్ట్ ఫ్యానా, చిమ్నీయా?

సంక్రాంతికి ముందు మా ఫ్లాట్‌లో వంటగది పని పెట్టుకున్నాం. అది తెలిసిన దగ్గర్నుంచి ఒకటే ఫోన్లు. "అమ్మాయ్, చిమ్నీ పెట్టిస్తే నిజంగా ఘాటు పోతుందా, లేక ఊరికే షోకా?" అని విజయవాడ నుంచి పిన్ని. పై అంతస్తులో కొత్తగా దిగిన అమ్మాయి లిఫ్టులో కనిపించినప్పుడల్లా "ఎగ్జాస్ట్ ఎన్ని అంగుళాలది పెట్టించారు ఆంటీ?" అంటుంది. మా ఆడపడుచుది ఇంకో బాధ. మూడు పడకగదులకీ కిటికీలున్నా ఇల్లంతా ఉక్కగానే ఉంటుందట. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇలా రాస్తున్నాను.

నేనేం తీసుకున్నానో ముందే చెప్పేస్తా: 9 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్. అదీ ఉన్న చిమ్నీని తీయించి మరీ. కాబట్టి నా తూకం ఎటు మొగ్గుతుందో మీకు తెలిసిపోయినట్టే. అయినా చిమ్నీకి రావాల్సిన మార్కులు చిమ్నీకే వేస్తాను.

చిమ్నీని నాలుగేళ్ళు వాడాం. గంటకు 1200 ఘనపు మీటర్ల గాలి లాగుతుందని దాని పెట్టె మీద ఉంది. మా వంటగది 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. అంటే మొత్తం 22, 23 ఘనపు మీటర్ల గాలి. ఆ లెక్కన నిమిషం పైచిలుకులో గదంతా ఖాళీ అయిపోవాలి. మరి నేను ఎండుమిరపకాయలు వేయిస్తే హాల్లో వార్తలు చూస్తున్న మా మామగారు ఎందుకు దగ్గేవారు?

సగం కారణం గొట్టం. పెట్టె మీది అంకె ఏ అడ్డూ లేనప్పటిది. మాకు చిమ్నీ నుంచి షాఫ్ట్ (కింది అంతస్తు నుంచి పైదాకా వదిలే ఖాళీ సందు) దాకా గొట్టం రెండు వంపులు తిరిగి వెళ్ళేది. ప్రతి వంపుకీ లాగుడు తగ్గుతుంది. దానికి తోడు ఆ గొట్టం వదిలేది నాలుగు ఇళ్ళకీ ఉమ్మడిగా ఉన్న షాఫ్ట్‌లోకి. మన పొగ పైకి పోతే పోయింది, చిమ్నీ ఆపగానే కింది వాళ్ళ చేపల పులుసు మనింట్లోకి దిగేది. మాది శాకాహారం ఇల్లు. అత్తగారి ముఖం మీరే ఊహించుకోండి.

రెండో సగం ఒక సాయంత్రం అనుకోకుండా బయటపడింది. దోమలు వస్తున్నాయని ఇల్లంతా బిడాయించి, చిమ్నీ ఫుల్ స్పీడులో పెట్టి పకోడీలు వేస్తున్నా. కాసేపటికి ఇల్లంతా డ్రైనేజీ వాసన. వెతికితే అది చుట్టాలొస్తే తప్ప వాడని బాత్రూమ్ నుంచి వస్తోంది. ప్లంబర్ వచ్చి చూసి "నహానీ ట్రాప్‌లో నీళ్ళు ఎండిపోయాయమ్మా, మీ చిమ్నీ దాంట్లోంచి గాలి లాక్కుంటోంది" అన్నాడు. నహానీ ట్రాప్ అంటే బాత్రూమ్ నేలలో నీళ్ళు పోయే జాలీ కింది వంపు, అందులో నిలిచే నీళ్ళే డ్రైనేజీ వాసనను ఆపుతాయి. అతను ఒక బకెట్ నీళ్ళు పోసి వెళ్ళిపోయాడు. డబ్బులు కూడా తీసుకోలేదు.

అసలు సంగతి నాకు అప్పుడు బోధపడింది. ఫ్యాన్ అయినా చిమ్నీ అయినా గంటకు వందల ఘనపు మీటర్ల గాలి బయటికి తోయాలంటే అంత గాలీ ఎక్కడో ఒకచోట నుంచి లోపలికి రావాలి. మనం దారి ఇవ్వకపోతే తలుపు కింది సందులోంచీ, డ్రైనేజీలోంచీ, పక్కింటి షాఫ్ట్‌లోంచీ లాక్కుంటుంది. అక్కడా దొరక్కపోతే మోటారు రొద పెడుతూ తిరుగుతుందే గానీ గాలి మాత్రం కదలదు. ఏది కొనాలి, ఎన్ని అంగుళాలది కొనాలి అని అడుగుతారు గానీ, గాలి మీ ఇంట్లోకి ఎటు నుంచి వస్తోందో ఎవరూ చూసుకోరు. నా దృష్టిలో ఏది మేలో తేల్చేది అదే.

చూసుకోవడానికి ఒక అగరుబత్తి చాలు. సీలింగ్ ఫ్యాన్లు ఆపి, ఎగ్జాస్టో చిమ్నీయో ఆన్ చేసి, వెలిగించిన అగరుబత్తిని ఒక్కో తలుపు దగ్గరా, ఒక్కో కిటికీ దగ్గరా కదలకుండా పట్టుకోండి. పొగ ఎటు వంగుతుందో గాలి అటు పోతున్నట్టు. మా ఇంట్లో అన్నీ మూసినప్పుడు వీధి తలుపు కింద పెడితే పొగ సన్నని దారంలా లోపలికి సర్రున లాగేసింది. హాలు కిటికీ నాలుగంగుళాలు తెరిచాను. తలుపు దగ్గర లాగుడు తగ్గిపోయి, పొగంతా తీరిగ్గా హాల్లోంచి వంటగది వైపు నడిచింది. చిమ్నీ శబ్దం కూడా మారింది, ఊపిరి అందినట్టు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పొగ వస్తోంది కదాని పొయ్యి పక్కనున్న కిటికీనే బార్లా తెరుస్తారు. ఫ్యాన్ ఆ కిటికీలోంచి వచ్చిన గాలినే లాగి బయటికి తోసేస్తుంది, గదిలో పొగ గదిలోనే ఉంటుంది. తెరవాల్సింది దూరంగా, అవతలి వైపున్న కిటికీ.

మరి గాలికి దారి ఇచ్చాక చిమ్నీ బాగానే పనిచేసింది కదా, ఎందుకు తీయించావంటారా? షాఫ్ట్ సమస్య పోలేదు. మోటారు రిపేరుకొచ్చి, సర్వీసు వాళ్ళు మూడుసార్లు వచ్చి మూడు రకాలుగా చెప్పారు. అన్నిటికంటే ముఖ్యంగా, చిమ్నీ పొయ్యి మీది పొగకే పనికొస్తుంది. నాకు ఇల్లంతటికీ గాలి కావాలి. బాల్కనీ వైపు వంటగది కిటికీలో ఒక అద్దం తీయించి, దాని బదులు షీటు బిగించి, గుండ్రంగా కోయించి ఫ్యాన్ పెట్టించాం. గొట్టం లేదు, వంపుల్లేవు, పొగ నేరుగా ఆరుబయటికే. ఫ్యాన్ ఆపినప్పుడు రేకులు వాటంతటవే మూసుకునే రకం తీసుకోండి, లేకపోతే దుమ్మూ పావురం ఈకలూ లోపలికొస్తాయి.

దీని అసలు ఉపయోగం ఎండాకాలంలో తెలుస్తుంది. హైదరాబాద్‌లో రాత్రి ఎనిమిది దాటాక బయట గాలి చల్లబడుతుంది గానీ, పగలంతా కాగిన స్లాబూ గోడలూ లోపల వేడి కక్కుతూనే ఉంటాయి. సీలింగ్ ఫ్యాన్ ఆ వేడి గాలినే కలియబెడుతుంది. పడకగది కిటికీలు తెరిచి, మధ్య తలుపులు తీసి, వంటగది ఎగ్జాస్ట్ గంటా రెండు గంటలు వేసి చూడండి. బయటి చల్లగాలి పడకగదుల గుండా వస్తుంది, వేడి వంటగదిలోంచి పోతుంది. పొద్దున తొమ్మిదికల్లా కిటికీలు మూసి పరదాలు దించేయాలి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం గాలి కోసం కిటికీలు తెరిస్తే కొలిమి తలుపు తీసినట్టే. కోస్తాలో రాత్రి కూడా ఉక్కే కాబట్టి వేడి అంతగా తగ్గదు, కానీ గాలి కదిలితే చెమట ఆరుతుంది. పిన్నికి అందుకే ఫ్యాన్ చెప్పాను.

ఖర్చు కూడా చూడండి. ఫ్యాన్ రెండు వేల లోపో, కాస్త అటూ ఇటూనో. చిమ్నీకి పది, ఇరవై వేలు. 40 వాట్ల ఫ్యాన్ రోజుకు 3 గంటలు తిరిగితే నెలకు నాలుగు యూనిట్లు కూడా కాలదు. చిమ్నీ 200 వాట్లనుకుంటే అదే వాడకానికి 18 యూనిట్లు. జిడ్డు బాధ రెండింటికీ ఉంది. కాకపోతే ఫ్యాన్ రెక్కలు నేనే విప్పి వేడినీళ్ళలో వాషింగ్ సోడా వేసి నానబెట్టుకోగలను.

అయితే ఓపెన్ కిచెన్ ఉన్నవాళ్ళు నా మాట వినకండి, చిమ్నీయే పెట్టించుకోండి. పొయ్యికీ హాలుకీ మధ్య గోడ లేనప్పుడు, పొగ చెదరకముందే పొయ్యి మీదే పట్టేయాలి. అది ఫ్యాన్ వల్ల కాదు. గొట్టం పొట్టిగా, తిన్నగా, వీలైతే షాఫ్ట్‌లోకి కాకుండా బయటి గోడలోంచి పోయేలా చూడండి. గొట్టం లేకుండా బొగ్గు ఫిల్టరుతో వచ్చే చిమ్నీలు కొనకండి. అవి వాసన కాస్త పీల్చి అదే గాలిని, ఆవిరితో సహా, మళ్ళీ మన ముఖానే కొడతాయి.

ఇక కిటికీలు. ఏ ఖర్చూ లేకుండా అన్నిటికంటే ఎక్కువ గాలి తెచ్చేవి ఇవే, ఎదురెదురుగా ఉంటే. గది నేల వైశాల్యంలో కిటికీలు పొడి వేడి ప్రాంతాల్లో కనీసం పదో వంతు, ఉక్కగా ఉండే వేడి ప్రాంతాల్లో ఆరో వంతు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. 120 చదరపు అడుగుల గదికి ఒకచోట 12, ఇంకోచోట 20 చదరపు అడుగులన్నమాట. బిల్డర్లు ఆ కొలత చూపిస్తారు. కానీ ఇప్పుడందరూ వేసే స్లైడింగ్ కిటికీ ఎంత పెద్దదైనా తెరుచుకునేది సగమే. దాని మీద దోమల మెష్, దాని మీద ఆర్నెల్ల దుమ్ము. పాత రెక్కల కిటికీ మొత్తం తెరుచుకునేది. ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు పడకగదులకైనా రెక్కల కిటికీలు అడగండి. ఉన్న ఫ్లాట్‌లో ఉన్నవాళ్ళు మెష్‌నైనా నెలకోసారి కడగండి, తేడా అగరుబత్తే చెబుతుంది.

కూలర్ గురించి ఒక మాట: దాన్ని కిటికీలో బయటి గాలి తీసుకునేలా పెట్టి, ఎదురు కిటికీ తెరిచి ఉంచాలి. మూసిన గదిలో పెడితే గంటలో గదంతా చెమ్మ. ఏసీ, ముఖ్యంగా స్ప్లిట్ ఏసీ, గదిలో గాలినే చల్లబరుస్తుంది, కొత్త గాలి తేదు. పొద్దున తలనొప్పితో లేచేవాళ్ళు పడుకునే ముందు పది నిమిషాలు తలుపులు తీసి చూడండి. ఎయిర్ ప్యూరిఫయర్‌ది దుమ్ము పట్టే పని, ఉక్కతో దానికి సంబంధం లేదు. కప్పు మీద తిరిగే టర్బో వెంటిలేటర్లు రేకుల షెడ్లకి.

బాత్రూమ్ లోపల గ్యాస్ గీజర్ ఉన్నవాళ్ళకు మాత్రం ఫ్యానా కిటికీయా అన్న చర్చే లేదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనుషులు స్నానం చేస్తూనే పడిపోతారు. గీజర్‌ను బయటికి మార్పించండి. ఎగ్జాస్ట్ ఉంది కదా అన్న ధీమా వద్దు.

పోయిన ఆదివారం ఆడపడుచు ఇంటికి అగరుబత్తి కట్టతో వెళ్ళాను. వాళ్ళది పాత అపార్ట్‌మెంట్, ప్రతి గదిలో కిటికీ పైన, కప్పుకి దగ్గరగా వెంటిలేటర్ ఉంది. వేడి గాలి పైకి తేలి అక్కడి నుంచే పోవాలి. చూస్తే మూడింటికీ అట్టముక్కలు కొట్టి ఉన్నాయి. "ఏసీలు పెట్టినప్పుడు చల్లదనం పోతుందని మీ తమ్ముడే కొట్టించాడు వదినా" అంది. ఏసీ ఉన్నది ఒక్క గదిలోనే. మిగతా రెండు గదుల అట్టలు అప్పటికప్పుడే పీకేశాం. సాయంత్రానికి ఒక వెంటిలేటర్‌లో పావురం వచ్చి కూర్చుంది. మెష్ కొట్టడానికి మనిషి ఇంకా దొరకలేదట.