పదేళ్ల లెక్కలో ఏ కారు నిలుస్తుంది?

విజయవాడ ఆటోనగర్‌లో నా షెడ్డుకు వచ్చే కార్లలో ఎక్కువ భాగం వారంటీ దాటినవే. అందుకే కొత్త కారు గురించి ఎవరైనా సలహా అడిగితే నేను షోరూమ్ ధర జోలికి వెళ్లను. ఆరో ఏడు దాటాక ఆ బండి మీ జేబుకు ఎంత చిల్లు పెడుతుందన్నదే చూస్తాను.

ఏడాదికి పది వేల కిలోమీటర్లలోపు తిరిగే కుటుంబానికి నేను చెప్పేది మారుతి బాలెనో డెల్టా, పెట్రోలు, మాన్యువల్ గేరు. టయోటా గ్లాంజా ఎస్ తీసుకున్నా బండి అదే, బ్యాడ్జీ వేరు. మీ ఊరికి దగ్గరలో ఎవరి సర్వీసు బాగుంటే వారి దగ్గర కొనండి. ఇందులోది 2009లో రిట్జ్‌తో మన రోడ్లెక్కిన కె12 కుటుంబపు ఇంజిన్. నాలుగు సిలిండర్లు, టైమింగ్ బెల్టుకు బదులు చెయిను. పది వేల కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందొస్తే అప్పుడు ఆయిల్, ఫిల్టరు మారుస్తూ వచ్చినవారి బండ్లు లక్షన్నర దాటినా ఇంజిన్ పైభాగమైన హెడ్డు విప్పకుండా తిరుగుతున్నాయి. లింక్ రాడ్‌లు, లోయర్ ఆర్మ్ బుష్‌ల వంటి సస్పెన్షన్ భాగాలు అరిగితే చిన్న పట్టణంలోనూ దొరుకుతాయి, ఏ మెకానిక్కయినా బిగించగలడు.

పై వేరియంట్ ఎందుకు వద్దంటానో టైరు చూస్తే తెలుస్తుంది. డెల్టాకు 15 అంగుళాల చక్రం, 185/65 టైరు. జీటా, ఆల్ఫాలకు 16 అంగుళాల అలాయ్, 195/55 టైరు. రెండోదానికి పక్కగోడ తక్కువ ఎత్తు. గుంతలో పడితే రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి, పక్కన నిమ్మకాయంత బుడిపె లేస్తుంది. దానికి పంక్చరు అతుకు పనికిరాదు, టైరే మార్చాలి. హెడ్‌లైటూ అంతే. హాలోజన్ బల్బు మాడితే వందల్లో పోతుంది, ఎల్‌ఈడీ యూనిట్ పగిలితే వేలల్లో. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. మిగిలిన డబ్బుతో పై వేరియంట్‌కు ఎగబాకేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ డబ్బుతో ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోండి, అది కష్టకాలంలో అక్కరకు వస్తుంది.

హైవే ప్రయాణాలు ఎక్కువ ఉన్నవారికి మారుతి డిజైర్. 2024లో వచ్చిన ఈ తరం బండికి, కార్లను గుద్దించి పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పెద్దల రక్షణలో ఐదు నక్షత్రాలు ఇచ్చింది. ఆరు ఎయిర్‌బ్యాగులు మొదటి వేరియంట్ నుంచే ఉన్నాయి. కాకపోతే ఇందులోని మూడు సిలిండర్ల ఇంజిన్ కొత్తది, పదేళ్ల పరీక్షకు ఇంకా నిలబడలేదు. నా మొదటి ఎంపిక కాకపోవడానికి కారణం అదొక్కటే.

సీఎన్‌జీకి తిరుగుడే ముఖ్యం. పెట్రోలు బండి కన్నా సుమారు 90 వేలు ఎక్కువ పెట్టాలి. పెట్రోలు లీటరు 110, గ్యాసు కిలో 95 రూపాయలనీ, లీటరుకు 18, కిలోకు 26 కిలోమీటర్లు వస్తాయనీ అనుకుందాం. కిలోమీటరుకు రెండున్నర రూపాయల దాకా మిగులుతుంది. అంటే దాదాపు 37 వేల కిలోమీటర్లు తిరిగాకే పెట్టుబడి వెనక్కి వస్తుంది. రోజూ యాభై అరవై కిలోమీటర్లు వెళ్లే ఉద్యోగికి రెండేళ్ల పని. ఆదివారం గుడికి, పండగకు అత్తగారింటికి వెళ్లే బండికి ఏడేళ్లు చాలకపోవచ్చు. మూడేళ్లకోసారి సిలిండర్ పరీక్ష ఖర్చు, డిక్కీలో పోయిన చోటు దీనికి అదనం.

వ్యాగన్ ఆర్ సీఎన్‌జీ ఖర్చులో చాలా చవక, నిజమే. కానీ 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ దానికి ఒక్క నక్షత్రమే ఇచ్చింది. ఇప్పుడు ఆరు ఎయిర్‌బ్యాగులు వస్తున్నా, నుజ్జయిన బండ్లను టింకరింగ్‌కు తీసుకున్న చేతులతో నేను పిల్లలున్న ఇంటికి హైవే బండిగా దాన్ని సూచించలేను. ఊళ్లో తిరగడానికైతే నిక్షేపం.

టర్బో, డ్యూయల్ క్లచ్ గేరుబాక్సు, డీజిల్ బండ్లు వారంటీ ముగిసేలోపు అమ్మేసేవారికే. ముఖ్యంగా డీజిల్ బండిని రోజూ రెండు మూడు కిలోమీటర్లే నడిపితే పొగగొట్టంలో మసిని ఆపే ఫిల్టరు, అంటే డీపీఎఫ్, సరిగా వేడెక్కక మసి పట్టి మూసుకుపోతుంది.

బుకింగ్ సొమ్ము కట్టే ముందు ఒక పూట విడిభాగాల దుకాణానికి వెళ్లండి. మీరు ఎంచుకున్న వేరియంట్ పేరు చెప్పి హెడ్‌లైటు, క్లచ్ సెట్టు, ముందు బంపర్, ఒక టైరు ధరలు రాయించుకోండి. రెండు కార్ల చీటీలు పక్కపక్కన పెట్టుకున్నాకే షోరూమ్‌కు బయలుదేరండి.