జాగ్రత్త: "అల్యూమినియంకి కూడా పనికొస్తుంది" అని అమ్మే గ్రైండర్ డిస్కులు కొనేముందు ఇది చదవండి

స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) టన్నెల్, అంటే సీటు కింద బెల్టుని కప్పే పొడవాటి అల్యూమినియం రేకు భాగం, దాన్ని వెనక కోసి పొట్టిగా చేసుకుందామనో, ఫుట్‌బోర్డుల్లో మంచు కిందకి రాలేలా కంతలు పెద్దవి చేసుకుందామనో చాలామంది ఈపాటికే సామాన్లు ఆర్డర్ పెట్టుకుంటూ ఉంటారు, వాళ్ళకోసమే ఈ పోస్ట్. ఇనుము, స్టీలు, అల్యూమినియం ఏదైనా వెన్నలా కోసేస్తుంది అని లిస్టింగులో పెద్దక్షరాలతో రాసి అమ్ముతున్న, చేత్తో పట్టుకునే యాంగిల్ గ్రైండర్‌కి బిగించే పల్చటి కటింగ్ డిస్కుల ప్యాక్ ఒకటి కొన్నాను. టన్నెల్ మీద పని చేస్తుండగానే అందులో ఒకటి అంచు విరిగి ఎగిరింది. ఫేస్ షీల్డ్ ఉంది కాబట్టి సరిపోయింది, కంటికి ఎదురుగా షీల్డ్ మీద లోతుగా గీత పడింది. అది లేకపోతే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

అసలు ఏం జరిగిందో చెప్తా, ఎందుకంటే ఈ గుర్తులు తెలిస్తే మీరు ముందే ఆపేయొచ్చు. మొదట జానెడు దూరం బానే తెగింది. తర్వాత శబ్దం మారింది, గరగరమని కోస్తున్నది కాస్తా సన్నగా కీచుమనడం మొదలైంది, చూస్తే డిస్క్ అంచు నల్లగా ఉండాల్సింది వెండి రంగులో మెరుస్తోంది, అంటే అల్యూమినియం కరిగి దానికే పూతలా అంటుకుపోయింది అన్నమాట. కోత పక్కన పెయింట్ పొంగుతోంది, కాలిన వాసన వస్తోంది. ఆపుదామని స్విచ్ మీద వేలు తీసేలోపే డిస్క్ సందులో బిగుసుకుపోయి గ్రైండర్ వెనక్కి తన్నింది, ముక్క ఎగిరింది. గార్డు సరైన వైపు తిప్పి ఉంది, రెండు చేతులతో పట్టుకున్నా, జాగ్రత్తలన్నీ ఉన్నాయి, డిస్కే పనికిమాలినది.

కారణం కష్టమైనదేం కాదు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, స్టీలుకి 1400 దాటాలి. గ్రైండర్ రాపిడికి అల్యూమినియం మెత్తబడి జిగటగా అయిపోయి డిస్కులోని గరుకు గింజల మధ్య సందుల్లో దూరుతుంది, గింజలు మూసుకుపోయాక డిస్క్ కోయడం మానేసి రుద్దడం మొదలెడుతుంది, రుద్దితే ఇంకా వేడి, వేడికి ఇంకా జిగురు, తెగట్లేదని మనిషి ఇంకాస్త నొక్కుతాడు, అక్కడే డిస్క్ పగిలేది. అల్యూమినియం కోసమని విడిగా చేసే డిస్కుల్లో బాండ్, అంటే గింజల్ని పట్టి ఉంచే పదార్థం, వేరేగా కలుపుతారు, గింజలు అలా మూసుకుపోకుండా. నాకు వచ్చినవి మామూలు స్టీలు డిస్కులు, పైన కాగితం మాత్రమే వేరే.

డిస్క్ మీద "A 60" అని ముద్ర ఉంది. ఆ అక్షరం గరుకు గింజ దేనితో చేశారో చెప్తుంది, A అంటే అల్యూమినియం ఆక్సైడ్, స్టీలు డిస్కుల్లో ఎక్కువగా ఉండేది అదే. 60 అంటే గింజ సైజు. అది ఏ లోహం కోస్తుందో దాంట్లో ఏమీ లేదు. అమ్మినవాళ్ళకి ఫోటోలు పెట్టి అడిగితే, ప్యాకెట్ వెనక అల్యూమినియం అని రాసే ఉంది చూడండి అని అల్యూమినియం ఆక్సైడ్ అన్న లైనే గుండ్రంగా గీసి తిరిగి పంపారు. ఇంత ప్రమాదకరమైన వస్తువు అమ్మేవాళ్ళకి ఆ తేడా తెలియదంటే నేను నమ్మను. ప్యాక్ ఓపెన్ చేశారు కాబట్టి డబ్బులు తిరిగి రావు అన్నారు, డిస్క్ వాడకుండా అది పగులుతుందని ఎలా తెలుస్తుందండీ?

కొనేముందు, కనీసం బిగించేముందు, డిస్క్ మధ్యలో ఉండే లోహపు రింగ్ చూడండి. ఇది చాలామంది చూడరు. గింజల్ని రెసిన్ (జిగురు)తో అతికించి చేసిన డిస్కులకి వయసు ఉంటుంది, యూరప్ ప్రమాణం ఈఎన్ 12413 ప్రకారం తయారైన నాటి నుంచి 3 ఏళ్ళే, ఆ గడువు నెల, సంవత్సరం రింగ్ మీద కొట్టి ఉంటాయి. నాకు వచ్చిన వాటి రింగ్ మీద ఒక్క అంకె లేదు, నున్నగా ఉంది. డిస్క్ మీద గరిష్ట వేగం కూడా ఉండాలి, సెకనుకి 80 మీటర్ల రకం అయితే 115 మిల్లీమీటర్ల డిస్కుకి 13,300 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు), 125కి 12,250 అని ఉంటుంది. మీ గ్రైండర్ వేగం దానికంటే తక్కువ ఉండాలి. ఆ ఈఎన్ నంబరు లేకుండా, గడువు లేకుండా, వేగం ఒక్కటే ముద్రించి ఉంటే నేనైతే ఆ డిస్క్ ముట్టుకోను.

ఇంకో రకం సరుకు కూడా చూశాను, దాని గురించి ఇంకా గట్టిగా చెప్పాలి: గ్రైండర్‌కి బిగించే పళ్ళ బ్లేడ్లు, కార్బైడ్ మొనలు అతికించినవి, "చెక్క, ప్లాస్టిక్, అల్యూమినియం" అని అమ్ముతారు. చిన్న గ్రైండర్ ఖాళీగా తిరిగితేనే 11,000 ఆర్‌పీఎం దాకా వెళ్తుంది, పెద్ద పళ్ళు పల్చటి రేకు అంచుని పట్టుకున్నాయంటే గ్రైండర్ చేతిలో నిలవదు. సర్క్యులర్ రంపం బ్లేడ్ తీసి గ్రైండర్‌కి బిగించేవాళ్ళు కూడా ఉన్నారు, ఆ బ్లేడ్లు అంత వేగానికి చేసినవి కావు. దయచేసి వద్దు.

మరి దేనితో కోయాలి అంటే, టన్నెల్‌కి అసలు గ్రైండర్ అవసరమే తక్కువ. ఆ తర్వాత నేను మిగతా కోత మొత్తం జిగ్‌సాతో (సన్నటి బ్లేడ్ పైకీ కిందకీ ఆడే కరెంటు రంపం) పూర్తి చేశాను, లోహం కోసే బైమెటల్ బ్లేడ్ పెట్టి. ఇక్కడ కూడా బ్లేడ్ చూసి కొనాలి: రేకు మందంలో ఎప్పుడూ కనీసం రెండు పళ్ళు ఆనుకుని ఉండాలి, లేకపోతే పన్ను రేకుని కొక్కెంలా పట్టి లాగుతుంది. రెండు మిల్లీమీటర్ల రేకు అనుకుంటే అంగుళానికి 24 పళ్ళ దగ్గర్లో ఉన్నది తీసుకోండి. బ్లేడ్ ముందుకీ వెనక్కీ ఊగే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని సున్నాలో పెట్టండి, జిగ్‌సా పాదం కింద టేప్ అతికిస్తే పెయింట్ గీతలు పడదు, బ్లేడ్‌కి మధ్యమధ్యలో మైనం రాస్తే రజను అంటుకోదు. స్పీడ్ తగ్గించి నిదానంగా పోనిస్తే అంచు ఎంత శుభ్రంగా వస్తుందంటే ఆకురాయితో రెండు సార్లు రుద్దితే చాలు. పొడవాటి తిన్నటి కోత ఉంటే సర్క్యులర్ రంపం బాగుంటుంది, కానీ నాన్‌ఫెర్రస్ (ఇనుము లేని లోహాలకి) అని రాసి ఉన్న ట్రిపుల్ చిప్ పళ్ళ బ్లేడే, చెక్క బ్లేడ్ కాదు. ఫుట్‌బోర్డుల్లాంటి చిన్న చోట్ల కత్తెర స్నిప్స్ చాలు, పసుపు పిడి తిన్నగా, ఎర్రది ఎడమకి, ఆకుపచ్చది కుడికి. కంతలకి స్టెప్ బిట్, అంటే మెట్లుమెట్లుగా వెడల్పయ్యే డ్రిల్ బిట్.

లోపలి మూలల దగ్గర మాత్రం ఓపిక పట్టండి. ముందు డ్రిల్‌తో గుండ్రంగా కంత పెట్టి కోత అక్కడికి వచ్చి ఆగేలా చూడండి, పదునైన మూల వదిలేస్తే బండి అదురుకి పగులు అక్కడి నుంచే మొదలవుతుంది.

ఏ పనిముట్టు పట్టుకున్నా సరే, టన్నెల్ అంటే ఉత్త రేకు కాదు. కింద వైపు ఇంజన్ కూలెంట్‌ని చల్లబరిచే కూలర్ ఉంటుంది, బ్లేడ్ లోతు చూసుకోకపోతే కూలెంట్ మొత్తం నేల మీదే. వెనక లైటు వైర్లు అందులోంచే పోతాయి, సీటు ముందు పెట్రోల్ ట్యాంకు ఉంటుంది, బ్యాటరీ ఉన్న బండైతే తీగ పీకేసి, ట్యాంకు దించి దూరంగా పెట్టి, ఇంజన్ గాలి పీల్చే చోట గుడ్డ కుక్కి అప్పుడు మొదలెట్టండి. బండి గుర్తింపు నంబరు కూడా చాలా బండ్లకి టన్నెల్ మీదే కొట్టి ఉంటుంది, అది ఎక్కడుందో చూసుకుని దాని జోలికి పోవద్దు. అల్యూమినియం కోసిన డిస్కుతో తుప్పు పట్టిన ఇనుము కోయకండి, అల్యూమినియం పొడి, తుప్పు కలిసి నిప్పురవ్వ పడితే మామూలు మంట కాదు, ఇనుమునే కరిగించే వేడి పుడుతుంది. కొన్ని బండ్లకి చైన్‌కేస్ (బండిని నడిపే గొలుసు ఉండే పెట్టె) మెగ్నీషియంతో చేసి ఉంటుంది, దాని రజను అంటుకుంటే నీళ్ళు పోస్తే ఇంకా ఎగుస్తుంది, కాబట్టి అది ఏ లోహమో తెలియకుండా దాని మీద ఏ డిస్కూ పెట్టకండి.

ఇప్పటికే ఇలాంటి ప్యాక్ కొనేసి ఉంటే, విప్పకముందే రింగ్ కనిపించేలా, వెనక లేబుల్ కనిపించేలా ఫోటోలు తీసుకోండి, లిస్టింగ్ స్క్రీన్‌షాట్ కూడా పెట్టుకోండి, ఎందుకంటే నేను ఫిర్యాదు చేశాక ఆ లిస్టింగులోంచి అల్యూమినియం అన్న మాట తీసేశారు, నా దగ్గర ఫోటో ఉంది కాబట్టే పేమెంట్ కంపెనీ వాళ్ళు నా వైపు విని డబ్బులు తిరిగి ఇప్పించారు. డిస్కుల్ని మాత్రం ఇంకెవరికైనా పనికొస్తాయని షెడ్డులో ఉంచకండి, విరిచేసి చెత్తలో వేయండి.