సంగీత విభావరా, నెలనెలా చందానా? సేవా క్లబ్బుకు ఏది మేలు

జూన్ నెలాఖరు వచ్చిందంటే విశాఖ క్లబ్బుల సెక్రటరీలకు నిద్ర కరువు. రోటరీకైనా లయన్స్‌కైనా ఏడాది జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. కొత్త కార్యవర్గం ప్రమాణ స్వీకారం నాటికి పాత ఏడాది ఘనతలు అచ్చై చేతికి రావాలి. ఆ పుస్తకంలో అందరూ వెతికేవి రెండే అంకెలు: ఎంత వసూలు చేశారు, ఎంతమందిని చేర్చారు. ఈ రెండిట్లోనూ చూడ్డానికి పెద్దగా ఉండే దారి ఒకటి, మిగుల్చుకునే దారి మరొకటి ఉన్నాయి. మిగిలిన డబ్బు, మిగిలిన మనుషులు ఎంత అన్న లెక్కతోనే ఇక్కడ వాటిని తూకం వేస్తున్నాం.

ముందు సంగీత విభావరి. ఒక మోస్తరు క్లబ్బు సిరిపురంలో ఆడిటోరియం తీసుకుని పాత పాటల కచేరీ పెట్టి, సావనీర్ (ప్రకటనలతో నింపే జ్ఞాపక సంచిక) కూడా వేసిందనుకుందాం. ఈ అంకెలు లెక్క కోసం వేసుకున్నవే. మీ కొటేషన్లు పెట్టుకుని మార్చుకోండి. నలుగురు ప్రధాన స్పాన్సర్లు తలా రూ. 50,000 ఇస్తే 2 లక్షలు. సావనీర్‌లో 40 పేజీలు, పేజీకి సగటున రూ. 5,000 చొప్పున మరో 2 లక్షలు. డోనర్ పాసులు 300, ఒక్కోటి రూ. 500, అంటే లక్షన్నర. మొత్తం రూ. 5,50,000. నివేదికలోకి ఎక్కేది ఈ అంకే.

ఇక ఖర్చు. గాయకులు, ఆర్కెస్ట్రాకు రూ. 1,60,000. సౌండ్, లైటింగ్ 45,000. హాలు, జనరేటర్ 50,000. సావనీర్ ముద్రణ 70,000. భోజనాలు 55,000. ఫ్లెక్సీలు, శాలువాలు, మెమెంటోలు, లైసెన్సులు కలిపి 40,000. మొత్తం రూ. 4,20,000 పోగా కాగితం మీద మిగులు 1,30,000. ఇంతటితో అయిపోలేదు. సావనీర్ ప్రకటనల్లో రూ. 60,000 రాలేదనుకోండి, సేవకు మిగిలేది రూ. 70,000. ఐదున్నర లక్షల హడావుడికి డెబ్బై వేలు! స్పాన్సర్లలో ఒకరు ఆఖరి వారంలో చేతులెత్తేశారా, మిగిలేది ఇరవై వేలే.

ప్రకటనల డబ్బు ఎందుకు రాదో చూడండి. ఆర్డర్ ఫారం మీద సంతకం పెట్టించుకొచ్చిన సభ్యుడు ఒకరు, బిల్లు పట్టుకెళ్లే మనిషి ఇంకొకరు. దుకాణంలో అకౌంటెంటుకు బిల్లుతో పాటు ప్రకటన పడిన కాపీ కావాలి. మనవాళ్లు కాపీ ఫంక్షన్ రోజున ఇచ్చి బిల్లు నెల తర్వాత పంపుతారు. అప్పటికి ఆ యజమాని దగ్గరికి మరో మూడు క్లబ్బులు వెళ్లి ఉంటాయి. ద్వారకానగర్, డాబాగార్డెన్స్, జగదాంబ దుకాణాల మెట్లే అందరూ ఎక్కుతారు. వినాయక చవితి పందిళ్లు, కార్తీక వనసమారాధనల చందాలు కూడా అక్కడివే. మందు ఒక్కటే: ఫారంతో పాటే సగం సొమ్ము తీసుకోవాలి, మిగతా సగం వచ్చాకే పేజీ ప్రెస్సుకు పంపాలి. ప్రకటన మేటర్ ఇచ్చే గడువు కార్యక్రమానికి 20 రోజుల ముందే ముగియాలి.

తేదీ ఎంపికలోనూ చిక్కుంది. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి పక్షం దాకా తుపానుల కాలం. 2014లో హుద్‌హుద్ నగరం మీద విరుచుకుపడింది అక్టోబరు 12న. ఆరుబయట వేదికైతే ఆ రెండున్నర నెలలు వదిలేయడమే. నేవీ డే విన్యాసాలు, వాటి రిహార్సల్సు జరిగే రోజుల్లో బీచ్ రోడ్డులో వాహనాలకు ఆంక్షలుంటాయి. మార్చి, ఏప్రిల్ పరీక్షల రోజులు. ఇక అన్నిటికన్నా అనువైనది సంక్రాంతి వెళ్లాక ఫిబ్రవరి ఆఖరు వరకు. అన్ని క్లబ్బుల కన్నూ దాని మీదే కాబట్టి ఆడిటోరియం ఆగస్టులోనే పట్టుకోవాలి. ఆరుబయట రాత్రి 10 దాటితే మైకు కట్టేయాలి. ఆరింటికని కార్డులో వేసి, వేదిక మీద పన్నెండు మందికి శాలువాలు కప్పి, ఎనిమిదింటికి తొలి పాట ఎత్తుకుంటే టికెట్టు కొన్నవారికి దక్కేది రెండు గంటలు. ఆర్కెస్ట్రా పాడితే పాటల రచయితలు, సంగీత దర్శకుల హక్కులు చూసే ఐపీఆర్ఎస్ లైసెన్సు, రికార్డు పాటలు వేస్తే రికార్డింగు హక్కులు చూసే పీపీఎల్ లైసెన్సు ముందే తీసుకోవాలి.

పన్ను రసీదుల దగ్గర చాలామంది ట్రెజరర్లు తడబడతారు. సావనీర్ ప్రకటన విరాళం కాదు, అది ఇచ్చినవారి వ్యాపార ఖర్చు. దానికి 80జి రసీదు (దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు తెచ్చేది) ఇవ్వకూడదు. పాటలు చూపించి, భోజనం పెట్టి తీసుకున్న పాసు సొమ్మూ అచ్చంగా విరాళం అనిపించుకోదు. బియ్యం బస్తాలు, దుప్పట్ల వంటి వస్తు రూపంలో ఇచ్చినదానికి 80జి వర్తించదు. నగదైతే రూ. 2,000 దాటినదానికి మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతకు ఈ మినహాయింపే లేదు గనుక, 80జి పేరు చెప్పి అడిగే పాత పద్ధతి జీతగాళ్ల దగ్గర ఇప్పుడు అంతగా పారదు.

ఇంకోపక్క నెల చందా. 45 మంది సభ్యులు, నెలకు రూ. 300, అంటే నెలకు 13,500, ఏడాదికి రూ. 1,62,000. ఎనిమిది మంది ఏడాది మధ్యలో మానేశారనుకున్నా తగ్గేది రూ. 14,400, చేతికి 1,47,600 వస్తుంది. శాలువా లేదు, జనరేటర్ లేదు. విభావరి మిగులుకు ఇది రెట్టింపు పైమాటే.

రాబడి ఏ తేదీకి ఎంత వస్తుందో తెలిసినందువల్ల మాట ఇచ్చి నిలబెట్టుకునే పనులకు ఇది సరిగ్గా అమరుతుంది. పాడేరు, అరకు వైపు నుంచి కేజీహెచ్ (కింగ్ జార్జి ఆసుపత్రి)కు వచ్చే రోగుల వెంట ఉండేవారికి భోజనం పెట్టాలనుకుంటే, ప్లేటు రూ. 45 చొప్పున, సభ్యులంతా కడితే నెలకు 300 భోజనాలు ఈ చందాతోనే నడుస్తాయి. విభావరి డబ్బుతో ఇలాంటి పని మొదలుపెడితే ఐదు నెలలకే ఆగిపోతుంది. ఆగిపోయిన అన్నదానం కంటే మొదలుపెట్టనిదే నయం. జనం లైనులో నిలబడి వెనక్కి పోవడం ఉండదు.

చందాకూ జబ్బులున్నాయి. వాట్సాప్ గ్రూపులో గుర్తుచేసి వసూలు చేసే పద్ధతి మూడు నెలలకు మించి సాగదు. ట్రెజరర్ అలసిపోతాడు, సభ్యులు గ్రూపును మ్యూట్ చేస్తారు. ప్రతినెలా ఖాతాలోంచి దానంతటదే కట్టయ్యే యూపీఐ ఆటోపే పెట్టించడమే దారి. తేదీ 5 నుంచి 7 మధ్య ఉండాలి. 25న పెడితే ఖాతాలో బ్యాలెన్సు లేక సగం వెనక్కి వస్తాయి. ఆటోపే గడువు ఎప్పుడు ముగుస్తుందో రిజిస్టరులో రాసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, సభ్యత్వపు డ్యూస్ (క్లబ్బుకు కట్టే రుసుము) ఒక ఖాతా, సేవా సొమ్ము వేరే ఖాతా. ప్రజల దగ్గర వసూలు చేసినది క్లబ్బు పాలనా ఖర్చులకు వాడకూడదని లయన్స్‌లో రాతపూర్వక నియమమే ఉంది. ఆ కార్యక్రమానికి నేరుగా అయిన ఖర్చు మాత్రం మినహాయించుకోవచ్చు. ఖాతా ఒకటే అయితే సభ్యుల ఫెలోషిప్ డిన్నరు బిల్లు ఎందులోంచి పోయిందో ఆడిటర్ అడిగినప్పుడు జవాబుండదు.

డయాలసిస్ యంత్రమో, కంటి పరీక్షల వ్యానో కావాలంటే ఈ రెండూ చాలవు. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధికి వెళ్లాలి. దానికి ఆదాయపు పన్ను శాఖలో 12ఏ, 80జి నమోదులు ఉన్న ట్రస్టు లేదా సొసైటీ, మూడేళ్ల పని చరిత్ర, కంపెనీ వ్యవహారాల శాఖలో సీఎస్ఆర్-1 నమోదు అవసరం. కంపెనీల బడ్జెట్ ఏప్రిల్‌లో మొదలవుతుంది, మన ప్రెసిడెంటు జూలైలో వస్తాడు. వచ్చాక అర్జీ రాస్తే ఆ ఏడాది కేటాయింపులు చాలావరకు అయిపోయి ఉంటాయి. కాబోయే ప్రెసిడెంటు జనవరిలోనే తిరగాలి. రోటరీ ఫౌండేషన్ ఇచ్చే గ్లోబల్ గ్రాంటైతే కనీస బడ్జెట్ 30,000 డాలర్లు, పరదేశపు భాగస్వామి క్లబ్బు ఉండాలి. ఒక్క ఏడాదిలో తేలుతుందని ఆశపడొద్దు. రోటరీలో పాల్ హారిస్ ఫెలో, లయన్స్‌లో మెల్విన్ జోన్స్ ఫెలో గుర్తింపులకు ఇచ్చే వెయ్యేసి డాలర్లు ఆయా ఫౌండేషన్లకు వెళ్తాయి, క్లబ్బు ఖాతాకు రావు. వాటిని, వైద్య శిబిరంలో పంచిన మందుల ఎమ్మార్పీని కలిపి వసూళ్ల అంకెను ఉబ్బించడం నివేదికల్లో తరచూ కనిపించే చమత్కారం.

విభావరి అసలే వద్దని కాదు. ఊరికి క్లబ్బు పేరు తెలిసేది దానివల్లే, కొత్త దాతలు దొరికేదీ అక్కడే. మూడేళ్లకు ఒకసారి, సేవకు కొనబోయే ఏదో ఒక వస్తువు పేరు చెప్పి, ప్రధాన స్పాన్సర్ల డబ్బు మూడొంతులు చేతిలో పడ్డాకే గాయకులకు అడ్వాన్సు ఇచ్చే షరతు మీద పెట్టుకుంటే లాభం. ఏటా పెడితే మాత్రం క్లబ్బు ఈవెంట్ మేనేజరుగా మారిపోతుంది.

ఇక సభ్యత్వం. ఇక్కడ కూడా మూకుమ్మడిగా చేర్చడం ఒకటి, ఒక్కొక్కరిని చేర్చుకుని నిలుపుకోవడం ఒకటి. జూలై 1న 42 మంది ఉన్న క్లబ్బు మే, జూన్‌లలో 18 మందిని చేర్చిందనుకోండి. నివేదికలో 60. అదే జూన్ 30న 20 పేర్లు తీసేస్తారు. కొత్త ఏడాది 40తో మొదలవుతుంది. ఈ కోత ఎందుకంటే, జూలై 1, జనవరి 1 నాటికి జాబితాలో ఉన్న పేర్లకు రోటరీ ఇన్వాయిసు వేస్తుంది. ఆ తర్వాత తీసినా బిల్లు తగ్గదు. లయన్స్ బిల్లులూ ఆరు నెలలకోసారే. చేర్చిన 18 మందిలో సగానికి ప్రెసిడెంటే జేబులోంచి కట్టి ఉంటే వాళ్లు రెండోసారి కట్టరు, కట్టాలని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు కూడా. లయన్స్‌లో కుటుంబ సభ్యులకు అంతర్జాతీయ డ్యూస్ సగమే. ఆ వెసులుబాటుతో మీటింగు మొహం చూడని పేర్లు పెరగడమూ ఉంది, నిజంగా పనిచేసే దంపతులు రావడమూ ఉంది.

విశాఖలో సభ్యులు తగ్గడానికి మరో రెండు కారణాలుంటాయి. బ్యాంకులు, కేంద్ర సంస్థలు, నేవీ ఉద్యోగులు ఎక్కువ కావడంతో బదిలీలు తప్పవు. వాళ్లను మానేసినవారిలో కలపకుండా వెళ్లిన ఊరి క్లబ్బుకు పేరు పంపాలి. రెండోది దూరం. ఉక్కునగరం, గాజువాక నుంచి సాయంత్రం ఏడింటికి సిరిపురం మీటింగుకు రావాలంటే ఎన్ఏడీ జంక్షన్ దాటేసరికే సగం ఓపిక అయిపోతుంది. అలాంటివారిని నగర క్లబ్బులో చేర్చి పోగొట్టుకునే బదులు వాళ్ల పేటలోనే ఇంకో క్లబ్బు పెట్టించడం మేలు. రోటరీకైనా లయన్స్‌కైనా కనీసం 20 మంది చాలు. ఇక కొత్త సభ్యుడు నిలవాలంటే చేరిన నెలలోపే చేతికో పని అప్పగించాలి, డ్యూస్ ఎంత, ఎప్పుడు అన్నది చేరకముందే కాగితం మీద చూపాలి. తీసుకొచ్చిన సభ్యుడే తొలి మూడు మీటింగులకు బండి ఎక్కించుకుని రావాలి.

నెల చందా క్లబ్బులను కూడా జూలై ఒక దెబ్బ తీస్తుంది. ట్రెజరర్ మారాడు, బ్యాంకులో సంతకాలు మారలేదు. సింహాచలం గిరి ప్రదక్షిణ చాలా ఏళ్లలో జూలైలోనే వస్తుంది. 32 కిలోమీటర్ల దారిలో మజ్జిగ, మంచినీళ్ల పందిరి కొత్త కార్యవర్గానికి తొలి పని. ఖాతాలో డబ్బుంటుంది, చెక్కు మీద సంతకం చెల్లదు, పాలవాడికి ప్రెసిడెంటు జేబులోంచి ఇస్తాడు, ఆ లెక్క దసరా దాకా తేలదు. జూన్ మొదటి వారం బోర్డు మీటింగులోనే సంతకాల మార్పు తీర్మానం రాసి, పాత కొత్త ఇద్దరూ కేవైసీ కాగితాలతో బ్యాంకుకు వెళ్లి, జూలై 1 నుంచి అమలయ్యేలా ఇచ్చి రావాలి.