టోకెన్ కట్టాక కూడా ప్రకటనలే పంపే ఏజెంట్‌తో జాగ్రత్త

ఎవరి గురించి రాస్తున్నానో పేరు చెప్పక్కర్లేదు. ఇల్లు వెతుకుతూ ఎక్కడో ఒక ఫారంలో నంబరు ఇచ్చినవాళ్ళందరికీ తెలిసే ఉంటుంది. పొద్దున్నే పువ్వుల బొమ్మతో గుడ్ మార్నింగ్, దాని కింద బాల్కనీ ఫొటో, దాని కింద "త్వరపడండి, కొద్ది ఫ్లాట్లే మిగిలాయి" అని వస్తుంది చూడండి, ఆ నంబరే. కోపంలో రాస్తున్నాను, వాక్యాలు అటూ ఇటూ అయితే ఏమీ అనుకోకండి.

ముందు జరిగింది గబగబా చెప్పేస్తాను. రెండు బెడ్‌రూముల ఫ్లాట్ ఒకటి నచ్చింది, ఫ్లాట్‌ని మా కోసం ఆపి ఉంచడానికి టోకెన్ అడ్వాన్స్ కట్టాం, రసీదు ఇచ్చారు. అగ్రిమెంటుకి నెలాఖరు వరకు టైం ఉందన్నారు. రసీదు అడుగున చిన్న అక్షరాల్లో "గడువులో మార్పు ఉన్నచో తెలియజేయబడును" అని ఒక లైను ఉంది. ఎలా తెలియజేస్తారో మాత్రం లేదు. మేం లోను కాయితాల కోసం బ్యాంకు చుట్టూ తిరుగుతున్నాం. ఈలోగా ఓనరు తొందరపడ్డాడట, గడువు ముందుకి జరిగిందట, మేం రాలేదట, ఫ్లాట్ ఇంకొకరికి ఇచ్చేశారట. టోకెన్ వెనక్కి ఇవ్వరట.

ఇదంతా మాకు తెలిసిన తీరు ఉంది చూశారూ, అదే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఎప్పటిలాగే ఆ నంబరు నుంచి ఒక ఫొటో వచ్చింది. చూస్తే మా ఫ్లాట్! అదే వంటగది కిటికీ, రంగు మార్పిస్తారా అని మేం అడిగిన అదే గ్రిల్లు. ఫొటో మీద అడ్డంగా ఎర్ర పట్టీ వేసి "అమ్ముడైపోయింది!" అని రాశారు. కింద "మరో కుటుంబం సొంతింటి కల నెరవేరింది. తర్వాతి అదృష్టవంతులు మీరేనా?" అని, రెండు పూలగుత్తులు, ఒక టపాకాయ బొమ్మ. నేనేం చేశానో తెలుసా? సంతోషపడ్డాను. మన గురించే వేశారనుకుని "చూడండి, మన ఫ్లాటే" అని మా ఆయనకి ఫార్వర్డ్ చేశాను. నా అంత తెలివైనదాన్ని ఎక్కడా చూసి ఉండరు. ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేసి, "మనం ఇంకా అగ్రిమెంటే చెయ్యలేదు కదా, అమ్ముడైపోయిందని ఎలా వేస్తారు?" అన్నారు. అప్పుడు మళ్ళీ చదివాను. మరో కుటుంబం.

అంటే ఆ ఫ్లాట్‌కి టోకెన్ కట్టిన మనిషికే, ఆ ఫ్లాట్ ఇంకొకరికి అమ్మేశామన్న సంగతి ప్రకటనగా పంపించారు. దురుద్దేశంతో పంపారని కూడా అనను. నేను ఎవరో వాళ్ళు మెసేజ్‌లు పంపే లిస్టుకి తెలియదు, అంతే. డబ్బు కట్టినా, కట్టకపోయినా, ఎప్పుడో ఒకసారి ఊరికే అడిగి వదిలేసినా అందరం అందులో ఒకటే.

ఫోన్ చేశాను. మొదట ఎత్తలేదు, మా ఆయన నంబరు నుంచి చేస్తే ఎత్తారు.

"మేడమ్, మేం పోయిన వారమే మెసేజ్ పెట్టాం కదా. బ్లూ టిక్కులు కూడా పడ్డాయి, స్క్రీన్‌షాట్ పంపమంటారా?"

పంపించారు. పంపడంలో మాత్రం వాళ్ళకి వంక పెట్టలేం. పైన ఏదో కొత్త ప్రాజెక్టు బొమ్మ, "ఈ వారాంతం స్పెషల్" అన్న హెడ్డింగు, తర్వాత క్లబ్ హౌసు, స్విమ్మింగ్ పూలు, లోను సదుపాయం కలదు, సైట్ విజిట్‌కి ఉచిత కారు. అక్కడితో మెసేజ్ ఆగిపోయి, మిగతాది చదవాలంటే నొక్కమంటుంది. నొక్కితే, ఆ అన్నిటి అడుగున ఇలా ఉంది: "బుక్ చేసుకున్న కస్టమర్లు శుక్రవారం లోపు అగ్రిమెంట్ పూర్తి చేసుకోగలరు, లేనిచో బుకింగ్ రద్దు." నా పేరు లేదు. ఫ్లాట్ నంబరు లేదు. ఏ బిల్డింగో కూడా లేదు.

"దీనికి బదులు ఒక్క ఫోన్ చెయ్యొచ్చు కదండీ?" అన్నాను. గొంతు కూడా పెంచలేదు.

"అందరికీ ఫోన్లు చేసుకుంటూ కూర్చుంటే మా పని ఎప్పుడవుతుంది మేడమ్? మేం పంపడం వరకే. చూసుకోవాల్సింది మీరు."

ఈ మాట అన్నది, ఆదివారం మధ్యాహ్నం నిద్ర లేపి మరీ "మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా ఫ్లాట్ చూస్తున్నారా మేడమ్?" అని అడిగిన మనిషే. రిఫరెన్సుల కోసం ఫోన్ చెయ్యడానికి టైం ఉంటుంది. నా డబ్బు పోబోతోందని చెప్పడానికి ఉండదు.

ఇక ఆ బ్లూ టిక్కుల సంగతి. రోజంతా మోగుతుంటే భరించలేక ఆ చాట్‌ని ఎప్పుడో ఆర్కైవ్‌లో, అంటే కంటికి కనపడకుండా పక్కన పెట్టే చోట, పడేశాను. 2021 నుంచి వాట్సాప్‌లో ఆర్కైవ్ చేసిన చాట్ కొత్త మెసేజ్ వచ్చినా పైకి రాదు, అక్కడే ఉంటుంది. బ్యాంకువాళ్ళు టోకెన్ రసీదు అడిగితే దానికోసం ఆ చాట్‌ని ఆర్కైవ్‌లోంచి బయటికి తీసి తెరిచాను. తెరవగానే అప్పటిదాకా చదవకుండా ఉన్నవన్నీ ఒక్కసారిగా నీలమైపోయాయి. బ్లూ టిక్కు అంటే చాట్ తెరిచారని అర్థం, చదివారని కాదు. అది తెలియకుండా ఏమీ ఉండరు, రోజూ దాంట్లోనే బతుకుతున్నారు కదా.

ఇంకోటి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఒకేసారి 256 మందికి పంపొచ్చు. అందుకున్నవాళ్ళకి మాత్రం తమ ఒక్కరికే రాసినట్టు మామూలు మెసేజ్‌లా కనిపిస్తుంది. పంపినవాళ్ళ నంబరు మన ఫోన్లో సేవ్ చేసుకుని ఉంటేనే అది చేరుతుంది. సైట్ విజిట్ రోజున "నంబరు సేవ్ చేసుకోండి మేడమ్" అని అన్నిసార్లు ఎందుకు అడిగారో ఇప్పుడు అర్థమైంది. చేసుకున్నాను, పేరు పక్కన ఇంటి బొమ్మ కూడా పెట్టుకున్నాను.

ఆపమని అడగలేదా అంటారేమో. అడిగాను. "మాకు రెండు బెడ్‌రూములే కావాలి, స్థలాలూ షాపులూ వద్దు, మా ఫ్లాట్ సంగతులు మాత్రం పంపండి" అని రాస్తే బొటనవేలు బొమ్మ వచ్చింది. ఆ సాయంత్రం ఫామ్ ల్యాండ్ వీడియో వచ్చింది. మరి బ్లాక్ చెయ్యొచ్చు కదా? ఎలా చేస్తాం? టోకెన్ కట్టాం. డాక్యుమెంట్లు, తేదీలు, ఓనరు మాటలు అన్నీ ఆ నంబరు నుంచే రావాలి. డబ్బు కట్టకముందు మనకి తలుపు మూసుకునే హక్కు ఉంటుంది. కట్టిన మరుక్షణం అది పోతుంది. వానలో ఫలానా చుక్కని పట్టుకోమన్నట్టు, ఆ మెసేజ్‌ల వరదలో మనకి సంబంధించిన ఒక్క లైనుని మనమే వెతుక్కోవాలి.

వాళ్ళ సీనియర్ ఒకాయన తర్వాత లైన్లోకి వచ్చి నాకు మార్కెటింగ్ పాఠం చెప్పాడు. రోజూ కళ్ళబడకపోతే కస్టమర్ మర్చిపోతాడట. సబ్బుకీ టూత్‌పేస్టుకీ అయితే సరే. ఇల్లు కొనేవాళ్ళు ఏజెంట్‌ని మర్చిపోరు సార్, పడుకున్నా లేచినా అదే ధ్యాస. వాళ్ళకి కావాల్సింది అడిగినదానికి జవాబు. తమ బడ్జెట్‌లో, తమకి కావాల్సిన చోట ఏదైనా అమ్మకానికి వస్తే ఆ రోజే తెలియాలి. అది వారంలో నాలుగుసార్లు వచ్చినా ఎవరూ విసుక్కోరు. ఏమీ రాకపోతే ఏమీ పంపొద్దు, మహా అయితే వారానికోసారి "ఈ వారం మీకు సరిపోయేవి లేవు" అని ఒక ముక్క రాస్తే చాలు. వచ్చే ఏడాది చూద్దాం అన్నవాళ్ళకి నెలకోసారి చాలు, అది కూడా ధరలు ఎటు పోతున్నాయి, లోను వడ్డీలు ఎలా ఉన్నాయి లాంటి పనికొచ్చే సంగతి ఉంటేనే. ఇల్లు కొనేసినవాళ్ళకి ఏడాదికి రెండుమూడు పలకరింపులు ఎక్కువే. ఇక టోకెన్ కట్టినవాళ్ళకి ప్రకటనలు సున్నా. ఒక్కటి కూడా వద్దు. ఆ నంబరు నుంచి ఏది వచ్చినా తమ పని గురించే అయ్యుండాలి, వస్తే గుండె ఝల్లుమనాలి. మా ఫోన్లో మోగిన ప్రతిసారీ విసుగొచ్చేది. ఆ విసుగే మా కొంప ముంచింది.

ఎన్నిసార్లు పంపాలన్నదానికి ఒక లెక్క ఉండదని అతనూ అన్నాడు, నేనూ ఒప్పుకుంటాను. కానీ కొనేవాళ్ళు ఎంత దూరం వచ్చారో చూసి మార్చుకోవాలి కదా. వీళ్ళ సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి పేరు ఎక్కితే మెసేజ్‌లు వాటంతటవే వెళ్తుంటాయి. మనిషి కొన్నాడా, మానుకున్నాడా, అసలు ఉన్నాడా పోయాడా అని ఎవరూ చూడరు. నా పేరుని ఒక లిస్టులోంచి తీసి ఇంకో లిస్టులో పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?

నిద్ర పట్టక రాత్రి రూల్స్ చదువుతూ కూర్చున్నాను. అమెరికాలో 2003 నాటి క్యాన్-స్పామ్ చట్టం ప్రకారం, వద్దన్నవాళ్ళకి ప్రకటన మెయిళ్ళు 10 పనిదినాల్లోగా ఆపాలి. కానీ జరుగుతున్న లావాదేవీ గురించిన మెయిళ్ళని ఆ చట్టం ప్రకటనలతో కలపలేదు, విడిగా చూస్తుంది. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం ప్రకారం, నా వివరాలు మార్కెటింగ్‌కి వాడొద్దని ఒక్క మాట అంటే ఆపాల్సిందే, కారణం కూడా చెప్పక్కర్లేదు. ఇండియాలో ప్రకటనలు వద్దని నంబరు నమోదు చేసుకునే 1909 డీఎన్‌డీలో రియల్ ఎస్టేట్‌కి ప్రత్యేకంగా ఒక కేటగిరీయే ఉంది. అయితే అది కాల్స్‌కీ ఎస్సెమ్మెస్‌లకీ మాత్రమే, వాట్సాప్ దాని కిందకి రాదు. అందుకేనేమో అందరూ వాట్సాప్ మీద పడ్డారు. ఆఖరికి వాట్సాప్ కూడా, పెద్ద ఎత్తున పంపే వ్యాపారాలకి ఇచ్చే పద్ధతిలో, మార్కెటింగ్ మెసేజ్‌లు వేరు, కస్టమర్ పనికి సంబంధించిన యుటిలిటీ మెసేజ్‌లు వేరు అని విడదీసింది. ఇన్ని చోట్ల ఇంతమంది, ప్రకటనలు వద్దనుకున్న మనిషికి అవసరమైన కబురు మాత్రం అందాలని ఆలోచించారు. మా మహానుభావులు రెండూ కలిపి ఒకే ఫొటో కింద పెట్టి, అడుగున గడువు రాసి, చేతులు దులుపుకున్నారు.

కావాలనే అలా పెట్టారా? మా ఆయన అవునంటున్నారు. ఎక్కువ ధర ఇచ్చేవాళ్ళు దొరికి ఉంటారు, మమ్మల్ని తప్పించాలి, మెసేజ్ పంపామన్న సాక్ష్యమూ ఉండాలి. నాకైతే అంత తెలివి కనపడలేదు, ఒట్టి నిర్లక్ష్యమే కనపడింది. ఏదైనా పోయింది మా డబ్బే.

ఇక కొనబోయేవాళ్ళకి నాలుగు ముక్కలు. ఊరికే ఎంక్వైరీ చేసిన మొదటి వారంలో ఏం వస్తుందో గమనించండి. మీరు అడిగినదానికి సంబంధం లేనివి రోజూ వస్తుంటే, ఒకసారి "ఆపండి" అని రాసి చూడండి. ఆపకపోతే ఆ ఏజెంట్ చేతిలో టోకెన్ పెట్టకండి. పెట్టాల్సివస్తే, గడువు మారితే ఫోన్ చేసి చెప్పాలనీ, ఆపైన మీ పేరూ ఫ్లాట్ నంబరూ వేసి విడిగా మెయిల్ పంపాలనీ రసీదులోనే రాయించుకోండి. "తెలియజేయబడును" అన్న మాట దగ్గర ఆగి, ఎలా అని అడగండి. టోకెన్ ఏ సందర్భంలో వెనక్కిస్తారో కూడా అక్కడే రాయమనండి. ఆ చాట్‌ని ఆర్కైవ్ చెయ్యకండి, మ్యూట్ చేసి పైన పిన్ చేసుకోండి. బ్లూ టిక్కులు సెట్టింగ్స్‌లో ఆపేసుకోవచ్చు, ఇప్పుడే ఆపేసుకోండి.

రసీదు నకలు, ఆ "స్పెషల్" మెసేజ్, ఎర్ర పట్టీ వేసిన మా ఫ్లాట్ ఫొటో, ఆపమన్న నా మెసేజ్, దాని కింద వాళ్ళ బొటనవేలు అన్నీ జతచేసి, టోకెన్ వెనక్కివ్వమని రాతపూర్వకంగా అడిగాం. స్పీడ్ పోస్టులో పంపాం, వాట్సాప్‌లో కాదు. ఏమంటారో తెలిశాక రాస్తాను.