స్పీకర్ స్టాండ్లలో ఇసుక: మూడేళ్ల తరవాత

ఈ స్టాండ్లు చేయించిన కొత్తలో కనిపించిన ప్రతివాళ్లకీ "పైపులో ఇసుక పొయ్యండి, బేస్ (పాటలో లావు ధ్వని) ఎలా బిగుస్తుందో చూడండి" అని చెప్పాను. ఆ మాటని ఇప్పుడు కొంత వెనక్కి తీసుకోవాలి. స్టాండ్ల మీద ఇష్టం మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు.

స్పీకర్లు కెఫ్ కంపెనీ క్యూ150. వాటి గురించి చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నాకు అవసరమైన రెండు సంగతులే చెప్తాను. ట్వీటర్ (సన్నని ధ్వనులు పలికేది) వూఫర్ (లావు ధ్వనులు పలికేది) నడిబొడ్డునే ఉంటుంది, పోర్టు (గాలి ఆడే రంధ్రం) వెనక్కి ఉంటుంది. నేను కూర్చునేది పేము కుర్చీలో. అందులో నా చెవి నేలకి 95 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. స్పీకర్ అడుగు నుంచి ట్వీటర్‌కి 15. అంటే స్టాండు 80 ఉండాలి. బజారులో దొరికే 24 అంగుళాల స్టాండు 61 సెంటీమీటర్లే కదా, దాని మీద పెడితే పాట మోకాళ్ల దగ్గర్నుంచి వస్తున్నట్టుంది. అందుకని ఆటోనగర్‌లో (మాది విజయవాడ) ఒక వెల్డింగ్ షాపులో 4 అంగుళాల చదరపు పైపుతో జత చేయించాను. అంత ఎత్తున్నది పడిపోకూడదని ఇసుక పోశాను. ఒక్కో పైపులో 11 కిలోల దాకా పట్టింది.

మొదటి రాత్రి ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ పెట్టాను. పాత మోనో రికార్డింగు. స్పీకర్లు సరిగ్గా కుదిరాయో లేదో తేల్చడానికి మోనోని మించింది లేదు. రెండు పక్కలా ఒకే ధ్వని వస్తుంది కాబట్టి అది నట్టనడుమ నిలబడాలి. దూరంలో తేడా ఉంటే ఒక పక్కకి జారుతుంది, వైర్లలో ప్లస్సూ మైనస్సూ ఒకదానికి తిరగబడితే నడుమ ఏమీ మిగలదు. ఆ రాత్రి కమాను రెండు స్పీకర్ల మధ్య ఖాళీలో, సరిగ్గా నా చెవి ఎత్తున, పిడికిలంత చోటులో నిలబడింది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. లేచి వెళ్లి చెయ్యి పెట్టి చూడాలనిపించింది. మూడేళ్లయినా ఆ సంతోషం పాతబడలేదు.

రెండో ఏడు వానాకాలంలో మా అమ్మ ఊడుస్తూ పిలిచింది. "ఒరేయ్, ఈ మూల చీమలు మట్టి తోడుతున్నాయిరా." రెండు రోజులు చీమల మందు గీశాం. ఊడ్చిన మర్నాటికి మళ్లీ అక్కడే చిటికెడు ఇసుక, చీమ మాత్రం ఒక్కటీ లేదు. ఎడమ స్టాండు పక్కకి వంచి చూస్తే కింద టైలు మీద అరచేతి వెడల్పున జీడి రంగు మరక ఉంది. అడుగు పలక అంచున పెయింటు పొరలు పొరలుగా లేచి, గోరు పెడితే తుప్పు రాలింది. వెల్డింగ్ చుట్టూతా లేదు. నాలుగు మూలలా చుక్కలు ముట్టించి, మధ్య సందుల్లో పుట్టీ కూరి, పైన నల్లరంగు కొట్టారు. సగం తప్పు నాది. పక్కవీధిలో ఇల్లు కడుతున్నవాళ్ల దగ్గర తెచ్చిన ఇసుకని జల్లించి, ఒక్కపూట ఎండలో ఆరబోసి పోసేశాను. పైకి పొడిగా కనిపించింది గానీ లోపల చెమ్మ ఉంది. ఆ చెమ్మ పుట్టీని నానబెట్టింది, ఆ సందులోంచి ఇసుక జారింది.

స్టాండు తీసుకెళ్తే వెల్డింగ్ ఆయన "పైపులో నీళ్లు పోశారా సార్?" అన్నాడు. విషయం చెప్తే, "ఇసుక పోస్తానని ముందే అంటే చుట్టూ కొట్టేవాణ్ణి కదా" అన్నాడు. న్యాయమే. కానీ స్పీకర్ మోసే స్టాండుకి పుట్టీ కూర్చి రంగేసి ఇవ్వడం మాత్రం నాకు మింగుడు పడలేదు.

రెండింటికీ చుట్టూ వెల్డింగ్ చేయించి తెచ్చాను. కొత్త ఇసుకని ఈసారి కడిగి, వారం ఎండబెట్టి, పాత ఇనుప మూకుడులో విడతలుగా వేయించాను. చెయ్యి పెడితే గలగల జారేదాకా వేయించి, చల్లారాక కిలో కవర్లలో కట్టి పైపులోకి దించాను. ఇక రాలడం లేదు.

ఇసుక ఎండే ఆ వారమంతా స్పీకర్లు ఖాళీ స్టాండ్ల మీదే ఉన్నాయి. పైపుని వేలితో కొడితే గుడిగంటలా ఖంగుమంది. పాట పెడితే మాత్రం నేను భయపడినంత తేడా లేదు. పియానో గట్టిగా మోగినచోట కొంచెం మసక, అంతే. బేస్ బిగువుగానే ఉంది. ఇసుక నింపాక పంతంకొద్దీ స్పీకర్లని వెనక్కి, గోడకి 20 సెంటీమీటర్ల దగ్గరికి జరిపి విన్నాను. ఇసుక ఉండి కూడా మృదంగం ఎడమ మూత పీపాలా మోగింది. అప్పుడు గుర్తొచ్చింది, మొదట్లో ఇసుక పోసిన రోజే స్పీకర్లని గోడ నుంచి ముందుకి కూడా లాగాను. ఆ బిగువంతా ఇసుక ఖాతాలో రాసుకున్నాను.

ముందుకి లాగడానికీ హద్దుంది. 75 సెంటీమీటర్ల దగ్గర అదే ఎడమ మూత పలచబడింది. గోడకి తగిలి తిరిగొచ్చే ధ్వని అసలు ధ్వనికి ఎదురొడ్డి ఆ దూరంలో 115 హెర్ట్జ్ (సెకనుకి 115 కంపనాలు) దగ్గర గండి పెడుతుంది. రవ్వ ముద్ద అద్దిన ఆ మూత గుమ్మనేదాంట్లో చాలాభాగం ఆ చుట్టుపక్కలే ఉంటుందని నా చెవి చెప్తోంది. 55 దగ్గర నాకు కుదిరింది.

నాది సొంతిల్లు, గదిలో పరుగులు తీసే చిన్నపిల్లలు లేరు, వినేది ఎక్కువగా కర్ణాటక సంగీతం, అదీ తక్కువ సౌండులో. ఇన్ని కలిసొచ్చాయి కాబట్టి ఈ స్టాండ్లు వదులుకోను. అద్దె ఇంట్లో ఉండి ఏడాదికోసారి మారేవాళ్లకి 11 కిలోల ఇసుక మొయ్యమని ఇదివరకులా చెప్పను. ముందు ఎత్తు చూసుకోండి, గోడ నుంచి ఒక్కో జానెడు జరుపుతూ వారం వినండి. పసిపిల్లలుంటే మాత్రం పడిపోకుండా బరువు ఉండాల్సిందే, దానికి కవర్లలో కట్టిన ఇసుకకన్నా చవకైంది నాకు తెలీదు.

స్టాండ్ల అడుగున ఉన్న స్పైకుల (మొనదేలిన కాళ్ల) కింద రూపాయి బిళ్లలు పెట్టాను, టైలు గీసుకోకుండా. జీడి మరక యాసిడ్‌తో కడిగినా పూర్తిగా పోలేదు. పండక్కి గది కడిగినప్పుడల్లా ఎడమ స్టాండుని మళ్లీ ఆ మరక మీదే నిలబెడతాను. టేపు పెట్టి కొలవక్కర్లేదు, గోడకి సరిగ్గా 55.